రాజోలి రిజిస్టరుకు రెండు తెరలు

2009 అక్టోబరులో తుంగభద్ర రాజోలి మీదికి వచ్చినప్పుడు బడి గదుల్లో నీళ్లు కిటికీల పైదాకా నిలిచాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు హెడ్మాస్టరు అనంతయ్య గద్వాల పాత బస్టాండు దగ్గర వనజ నడిపే టైపింగు సెంటరుకు వచ్చి, జేబులోంచి కెమెరా మెమరీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"పిల్లల్ని బడిల చేర్చుకున్న రిజిస్టరమ్మా. బురదల దొరికింది. ఎండబెట్టిన గాని ముట్టుకుంటే పొడైతున్నది. అందుకే పేజీకొక ఫోటో తీసి పెట్టుకున్న."

ఆ ఫోటోల్లో పదకొండు వందల మంది పిల్లలున్నారు. వాళ్ల పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ అందులోనే. ఇళ్లు మునిగిన వాళ్లలో చాలామందికి వేరే కాగితమేదీ మిగల్లేదు. పదో తరగతి పరీక్షల జాబితా పంపడానికి తొమ్మిది రోజుల గడువుంది. ఫోటోలు జతచేసి కొత్త రిజిస్టరు తెస్తే ఒప్పుకుంటానని పైఅధికారి మాటిచ్చాడట.

"చేస్త సారూ," అంది వనజ, ఫోటోలు ఇంకా సరిగా చూడకముందే.

మొదటి రెండు రోజులూ నరకమే. ఫోటో తెరిచి ఒక వరస చదవాలి, దాన్ని మూసి టైపు చెయ్యాలి, మళ్లీ తెరిచేసరికి చూపు ఏ వరస మీద పడుతుందో తెలియదు. రెండో రోజు సాయంత్రం కాగితాలు సరిచూసిన అనంతయ్య కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, కురుమూర్తి కొడుకును మల్లయ్యకిచ్చినవు. మల్లయ్య బిడ్డను సాయన్నకిచ్చినవు. ఊళ్లె కొట్లాటలైతయి."

నవ్వుతూనే అన్నాడు గాని వనజకు నవ్వు రాలేదు. రెండు రోజుల్లో నూటముప్పై పేర్లు, పదకొండు తప్పులు. ఫోటో ఒక పక్క, టైపు చేసేది ఒక పక్క కళ్లముందు ఉంటే తప్ప ఈ పని కాదనుకుంది. తన కంప్యూటరు వెనక తెర తగిలించే రంధ్రాలు రెండున్నాయి. రెండోదాన్ని కొన్ననాటి నుంచి ఎవరూ వాడలేదు.

పక్కన టీవీల రిపేరు దుకాణం చోటే మియాది. ఆయన బల్ల కింద పాత పద్నాలుగు అంగుళాల మానిటరొకటి పడి ఉంది. వనజ దాన్ని అడిగింది.

"ఒక్క బండికి రెండు స్టీరింగులా బేటీ? ఎక్కడన్న చూసినవా?"

"చూడలే చాచా. చేసి చూస్త."

ఆ మానిటరు వైరు రెండో రంధ్రంలో పట్టలేదు. నడుమ పెట్టే చిన్న ముక్క కావాలి. గద్వాలలో దొరకలేదు. కర్నూలు బజారు ఇంకా బురదలోనే ఉంది. మూడో రోజు వనజ సెంటరుకు తాళం వేసి రాయచూరు బస్సెక్కింది. నాలుగు దుకాణాల్లో తల అడ్డంగా ఊపారు. అయిదో దుకాణంలో పెద్దాయన సొరుగు వెతికి "ఐతి రీ" అన్నాడు. ఆమెకు వచ్చిన కన్నడం కొద్దిదే అయినా ఉందన్న మాట మాత్రం బాగా అర్థమైంది.

నాలుగో రోజు పొద్దున రెండు తెరలూ పక్కపక్కన వెలిగాయి. ఒకటి పెద్దది, నల్లది. రెండోది పొట్టిది, ముసలి పన్ను రంగులోకి తిరిగింది. చిన్నదాని కింద చోటే మియా రెండు ఇటుకలు పెట్టాడు. కాని వనజ కూర్చుని చూస్తే రెండు తెరల్లోనూ అక్షరాలు గజగజ వణుకుతున్నాయి. పది నిమిషాలకే ఆమె కణతలు పట్టుకుంది.

చోటే మియా చెయ్యి అడ్డం పెట్టి చూసి, చిన్నదాన్ని జానెడు జరిపాడు. వణుకు తగ్గింది.

"నాకు సమజైంది. రెండు టీవీలు దగ్గర దగ్గర పెడితే గిట్లనే కొట్లాడుకుంటయి. జర ఆగు." దుకాణంలోకి వెళ్లి పాత కూలరు పక్కరేకు పట్టుకొచ్చి రెంటి నడుమ నిలబెట్టాడు. ఇంకా తగ్గింది, పూర్తిగా పోలేదు.

అప్పుడు వనజ సెట్టింగులు తెరిచింది. పెద్ద తెర సెకనుకు డెబ్బై అయిదు సార్లు బొమ్మ గీస్తోంది, చిన్నది అరవై సార్లే. ముసలిదాన్ని ఉరికించలేం. పెద్దదాన్నే అరవైకి తగ్గించింది.

అక్షరాలు ఆగిపోయాయి. రాతిమీద చెక్కినట్టు నిలబడ్డాయి.

"అరె వాహ్!" అని చోటే మియా రోడ్డు మీదికి పోయి, చాయ్ హోటలు వాళ్లను, అటుగా పోయే వాళ్లను కేకేసి పిలుచుకొచ్చాడు. ఎడమ పక్క చిన్న తెర మీద ఫోటో, కుడి పక్క పెద్ద తెర మీద పట్టిక, రెండు వరసలూ ఒకే ఎత్తులో. వనజ మెడ తిప్పకుండా, కళ్లు మాత్రం అటూ ఇటూ కదిపి వంద పేర్లు కొట్టింది. అనంతయ్య సరిచూసి ఒక్కటీ దిద్దలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒక వరస దగ్గర ఆమె చేతులాగాయి. జములమ్మ బిడ్డ సుమన, పదో తరగతి. పుట్టిన తేదీ ఉన్నచోట తడి మరక తప్ప ఏమీ లేదు. అనంతయ్య ముఖం వాడిపోయింది. "వాళ్లిల్లే కొట్టుకపోయింది. ఇంక యాడ దొరకాలె?"

వనజ ఫోటోను పెద్ద తెర మీదికి జరిపింది. ఏమీ కనిపించలేదు. చిన్నదాని మీదికే మళ్లీ తెచ్చి, దాని కింది అంచున ఉన్న నాబులు మెల్లగా తిప్పింది. ఒకటి వెలుతురు తగ్గించేది, రెండోది నలుపు తెలుపుల తేడా పెంచేది. మరక లోపలి నుంచి సన్నని గీతలు తేలాయి. వెనకటి పంతులెవరో అంకెలతోపాటు అక్షరాల్లో కూడా రాసిపెట్టాడు.

"తొమ్మిది... జూలై... పందొమ్మిది వందల తొంబై నాలుగు!" వనజ కుర్చీలోంచి లేచి నిలబడింది. అనంతయ్య రెండుసార్లు చదివి, మూడోసారి పైకి చదివాడు.

తొమ్మిదో రోజు పైఅధికారి తనకిష్టమొచ్చిన ఇరవై పేజీలు తీసి ఫోటోలతో పోల్చాడు. అనంతయ్య ఆఫీసు వరండాలోంచే ఫోను చేశాడు. "ఒక్క తప్పు దొరకలేదమ్మా! సంతకం చేసిండు!"

వారం తర్వాత వనజ, చోటే మియా రాజోలి వెళ్లారు. బడి గుడారాల్లో నడుస్తోంది. అనంతయ్య కొత్త రిజిస్టరు చేతిలో పట్టుకుని పదో తరగతి పిల్లల్ని పేరు పేరునా పిలుస్తుంటే "ప్రజెంట్ సార్" అన్న అరుపులకు గుడారం గుడ్డ అదురుతోంది. సుమన వంతు వచ్చినప్పుడు, బయట నిలబడి చూస్తున్న జములమ్మ కూడా బిడ్డతోపాటు అరిచింది. పిల్లలంతా ఘొల్లుమన్నారు. వనజ అందరికంటే గట్టిగా నవ్వింది.