కుడి మోకాలు

కట్టె రెండోసారి లేచేసరికి గంగక్క చేతులు తలకు అడ్డం పెట్టుకుంది. దెబ్బ తల మీద పడలేదు. కుడి మోకాలి మీద పడింది. లోపల ఏదో పటుక్కుమంది. ఆమె పొయ్యి పక్కనే కూలబడింది.

పొద్దున్నే సంగటి కెలక్కుండా హిందూపురం ఆస్పత్రికి బయల్దేరిందని కుళ్లాయప్పకు కోపం. అతను పెనుకొండలో లారీలకు బస్తాలెత్తే హమాలీ. అక్కడ మేస్త్రీ అమ్మనా బూతులు తిట్టినా నోరెత్తడు. ఎత్తాల్సిందంతా ఇంటికొచ్చి పెళ్లాం మీద ఎత్తుతాడు.

కాసేపటికి, ఆమె కాలు మోపలేకపోతుంటే, తనే లేపి బస్సెక్కించాడు. పక్కనే కూర్చున్నాడు. ఆస్పత్రిలో ఎక్కడ నోరు జారుతుందోనని అతని భయం.

గంగక్కకు యాభై రెండేళ్లు. ముప్పై ఏళ్లుగా మండీలో గొంతుక్కూర్చుని చింతపండు కొట్టి గింజ తీస్తోంది. రోజుకు మూడు వందలు. మోకాళ్లు రెండూ అరిగిపోయి కూర్చుంటే లేవలేని రోజుల్లో, ఈ ఆస్పత్రిలో కొత్త సూదిమందును పరీక్షిస్తున్నారని తెలిసి చేరింది. కాగితాలు రాసే అశ్విని ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. తలకూ కడవకూ మధ్య చుట్టకుదురు ఎలాంటిదో, ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తని పొర అలాంటిదట. అది అరక్కుండా కాపాడి, వీలైతే మళ్లీ పెంచే మందు కోసం ఈ పరిశోధన. ఇప్పటికి రెండు మోకాళ్లకూ మూడేసి సూదులు వేశారు. పోయిన నెల గంగక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కింది.

ఈ రోజు స్కాన్ తీశారు. ఎడమ మోకాల్లో పొర కాస్త మందమైంది. కుడి దాంట్లో చిరిగిపోయి, నీరు చేరింది.

ఏమైందని డాక్టర్ జయచంద్ర అడిగాడు.

“బండ మింద జారి పడిండాది సార్,” అన్నాడు కుళ్లాయప్ప.

డాక్టర్ వాతను చూశాడు. కట్టె మందాన, నిలువుగా, నల్లగా ఉంది. అర్థమైంది. కానీ ఎలా తగిలినా దెబ్బ దెబ్బేనని, దెబ్బ అని రాస్తే ఆమెను పరిశోధనలోంచి తీసెయ్యాలని, మిగతా సూదులు ఉండవని అశ్వినితో అన్నాడు. ఏమీ తగల్లేదని రాద్దామన్నాడు. ఆమె మేలు కోరే అన్నాడు.

అశ్విని కలం కదల్లేదు. అలా రాస్తే కీలును మందే చెడగొట్టిందని లెక్కలో పడుతుంది సార్ అంది.

ఏం మాట్లాడుకుంటున్నారని గంగక్క అడిగింది. అశ్విని దాచకుండా చెప్పింది.

గంగక్కకు పాత అబద్ధాలు గుర్తొచ్చాయి. పద్దెనిమిదో ఏట పన్ను ఊడినప్పుడు గడప తగిలిందని చెప్పింది. చెయ్యి విరిగినప్పుడు బర్రె తోసిందంది. ఐదో నెల కడుపు పోయినప్పుడు తలరాత అని ఊరంతా అన్నారు, తనూ అంది. ఈ సూదులు ఆగితే మళ్లీ నేల పట్టుకుని పాకాలని ఆమెకు తెలుసు.

“గడప మింద ఏస్తి, బర్రె మింద ఏస్తి. ఇంగ మందు మింద గూడా ఏస్తే యాడికి పోతాది పాపా ఈ పాపం? మందు తప్పేం లేదు. ఈయప్ప కట్టెతో కొట్నాడు. రాసుకో.”

కుళ్లాయప్ప చెయ్యి అందరి ముందే లేచింది. చెంప మీద పడిన దెబ్బకు, మంచం మీద కూర్చున్న ఆమె తల గోడకు కొట్టుకుంది. పెదవి చిట్లి రక్తం చీర మీద కారింది. రెండో దెబ్బకు డాక్టర్ అడ్డుపడ్డాడు. నా పెండ్లాన్ని నేను కొట్టుకుంటే నీకేమప్పా అని కుళ్లాయప్ప అతన్నీ తోశాడు. కాపలావాళ్లిద్దరు వచ్చి రెక్కలు పట్టుకుని అతన్ని తలుపు దాకా ఈడ్చుకెళ్లారు.

“లేసి రా, ఇంటికి పదాం,” అన్నాడతను అక్కణ్ణుంచే, రొప్పుతూ.

గంగక్క లేవబోయినట్టు కదిలింది. అలవాటు. అంతలోనే ఆగిపోయి, వాచిన కాలిని రెండు చేతులా ఎత్తి మంచం మీద చాపుకుంది. మొగుడి ఎదుట కాళ్లు చాపి కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు.

“రాను,” అంది.

అశ్విని రాస్తోంది. కట్టె దెబ్బ, కొట్టింది భర్త. కుళ్లాయప్ప తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. పోనూ లేదు, లోపలికి రానూ లేదు.