సువార్తమ్మ బిగించిన మర

నేను ఒక గాలం రీలును. పుట్టింది ఏ దేశమో నా వీపు మీద చెక్కి ఉండేది, అరిగిపోయింది. కాబట్టి గొప్పింటిదాన్నని చెప్పుకోవడానికి ఆధారం లేదు. బ్యారేజీ పనికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు నన్ను ధవళేశ్వరం తెచ్చాడు. వెళ్లిపోతూ, తనకు చేపలు తిరిగే చోట్లు చూపించిన లాకుల తలుపులెత్తి దించే లస్కరు దేవసహాయానికి ఇచ్చేశాడు. జీపెక్కుతూ నాకోసం వెనక్కి చూస్తాడనుకున్నాను. సిగరెట్టు పెట్టె కోసం చూశాడు. అప్పటినుంచి ఎవరు ప్రయాణమైనా నాకు వణుకే.

నా పని తేలికే. కర్ర విసరగానే నాలోని చక్రం గిర్రున తిరిగి దారం వదలాలి. సీసం గుండు నీళ్లను తాకే క్షణాన మనిషి బొటనవేలితో చక్రాన్ని అదమాలి. వేలు ఆలస్యమైతే దారం నాలోనే పిచ్చుకగూడు అల్లుకుంటుంది. ఇంత వయసొచ్చినా, ఆపేవాళ్లు లేకపోతే పరువు పోయే బతుకు నాది.

ఆదివారం చర్చి నుంచి రాగానే దేవసహాయం నన్ను విప్పి పేపరు మీద పరిచేవాడు. కిరసనాయిలుతో కడిగి, భార్య సువార్తమ్మ కుట్టుమిషను నూనె ఇరుసుకు ఒక్క చుక్క వేసేవాడు. తరువాత చక్రం బిగువు మార్చే పక్క మర సరిచేస్తూ గుండును వేలాడదీసేవాడు. అది మెల్లగా దిగి, నేలను తాకగానే చక్రం ఆగాలి. ఆ పరీక్ష పాసయ్యానంటే వారమంతా నాకు పొగరే.

పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన బొటనవేలికి స్పర్శ పోయింది. నన్ను కడిగే పని సువార్తమ్మకు వచ్చింది. ఆయన వేలు వేళకు అదమక వరసగా మూడు రోజులు దారం చిక్కుపడింది.

“ఇంకొక్కసారి చిక్కుపడిందా, దీన్ని పాత సామాన్లోడికిచ్చేసి గాలానికో దణ్ణం ఎట్టేత్తానే,” అన్నాడు.

ఏరు మానేస్తే ఈ మనిషి మంచం దిగడని ఆమె భయం. నా భయం నాది. ఆయన కునుకు తీస్తుండగా ఆమె నా మర బిర్రుగా బిగించి, ఇరుసుకు గ్రీజు పూసింది. నలభై బారలు పోయే దారం పదిహేను బారలకే చతికిలబడింది. చిక్కు మాత్రం పడలేదు. “ముసల్దైపోయింది,” అని ఆయన నన్నే తిట్టేవాడు. పడ్డాను. పాత సామాన్లవాడి తక్కెడ ఎక్కడం కన్నా తిట్లు నయం.

ఒక ఆదివారం ఆమె చర్చి నుంచి రావడం ఆలస్యమై, ఆయనే గుండు వేలాడదీశాడు. అది కదల్లేదు. ఊపినా కదల్లేదు. నేను సిగ్గుతో చచ్చాను. మూత విప్పి గ్రీజు చూశాడు. అప్పుడే ఆమె వచ్చింది.

“ఇది నీ పనేనా?”

“నీ ఏలికి తెలీటం లేదుగా. మరేం చెయ్యమంటావు?”

“పదిహేను బారల్లో కప్పలుంటాయే, పండుగప్పలుండవు.”

“కప్పల్నే చూసిరా. నువ్వు ఏటికెళ్లొత్తే నాకదే చాలు.”

ఆయన కిరసనాయిలు తెచ్చాడు. గ్రీజంతా కడిగాడు, మర వదులు చేశాడు. తక్కెడ ఎక్కించేముందు స్నానం కాబోలనుకున్నాను. సాయంత్రం నన్ను ఏటిగట్టుకు తీసుకెళ్లి, కర్ర ఆమె చేతికిచ్చాడు.

“నువ్విసురు. మిషను చక్రం అరచేత్తో ఆపుతావే, అలాగే ఏలితో.”

“నలుగురూ చూత్తారయ్యా.”

“చూడనీ. ఆళ్లకీ పొద్దుపోవాలిగా.”

మొదటి విసురుకే నేను అల్లిన గూటిలో పిచ్చుకలు రెండు కాపురాలు పెట్టొచ్చు. ఆయన మెట్టు మీద కూర్చుని ఎడమచేత్తో ఒక్కొక్క పోగూ విడదీశాడు. రెండోసారీ అంతే. ఒక్క చేపా పడలేదు.

“ఏలు కాత్త ముందెట్టాలి, అంతే. రేపు ఎండెక్కకముందే వద్దాం,” అన్నాడాయన.

“రేపు జాకెట్లు కుట్టిచ్చెయ్యాలయ్యా.”

“అయితే తెల్లారగానే వచ్చేద్దాం.”