బొమ్మలు చెల్లవు

ఆ సూపర్‌వైజరు పరాయివాడైతే ఇస్త్రీ బాబాయికి ఇంత మంట ఉండేది కాదు. మన మాటే మాట్లాడతాడు. మనలాగే ఒకప్పుడు ఈ ఎడారి దేశానికి కూలికొచ్చి రేకుల గదిలో పై మంచం మీద పడుకున్నవాడే. కుర్చీ దొరికింది, కళ్లు నెత్తికెక్కాయి. పొద్దున్నే లాండ్రీ గుమ్మంలో చెక్కపెట్టె పట్టుకుని నిలబడతాడు, అందరి ఫోన్లూ అందులో వేయించుకోవడానికి.

"నీది కూడా, బాబాయ్."

"వేస్తున్నాలేవయ్యా. దానికేమీ కాళ్లు లేవు పారిపోవడానికి."

లోపల ఆవిరి. హోటళ్ల దుప్పట్లు కొండల్లా పడి ఉంటాయి. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ముడత రాకుండా లాగి, వేడి రోలరుకు అందించాలి. ఎడమ కొస బాబాయిది, కుడి కొస మడతలామెది. పదకొండేళ్లలో ఆయన ముంజేతుల మీద కాలిన గీతలు నిచ్చెన మెట్లలా పేరుకున్నాయి. నడుం ఒక పక్కకి వంగిపోయింది. ఊరికే నిలబడినా ఎవరికో దుప్పటి అందిస్తున్నట్టే ఉంటాడు.

అయిదో తరగతిలో హాజరు పిలుస్తుంటే కిటికీ దూకి పారిపోయినవాడు, మళ్లీ బడి మొహం చూడలేదు. అలాంటివాడు ఇప్పుడు రోజూ నూట నలభై మూడు మంది హాజరు చూస్తున్నాడు. మూడేళ్ల కిందట పక్క బ్లాకులో ఒక తాపీపనివాడు మంచంలోనే పోయాడు. షిఫ్టుకి వెళ్లాడనుకున్నారు అందరూ. రెండు రోజులకు గానీ తెలియలేదు. ఆ సాయంత్రమే బాబాయి వాట్సాప్‌లో గ్రూపు పెట్టించాడు. రోజూ పొద్దున ఆరింటికి ఆయన "ఉన్నారా?" అంటాడు. పదిలోపు ప్రతి ఒక్కరూ "ఉన్నా" అని పలకాలి. పలకనివాడి గదికి, దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి చూడాలి. రాతలు చెల్లవు, బొమ్మలు చెల్లవు. గొంతు వినిపించాలి. కాగితం లేదు, పుస్తకం లేదు. అన్ని గొంతులూ ఆయన చెవిలోనే ఉన్నాయి.

పది గంటల టీకి ఫోన్లు పావుగంట చేతికిస్తారు. బాబాయి గోడవార కూర్చుని మిగిలినవి విన్నాడు. ఒకడు పళ్లు తోముకుంటూ పలికాడు. ఒకడు "ఉన్నా, చావలేదు, జీతమూ రాలేదు" అన్నాడు. రంగులాయన దగ్గరకొచ్చేసరికి వేలు ఆగిపోయింది. భవనాలకు రంగులేసే మనిషి, రోజూ రాగం తీసి మరీ పలికేవాడు. ఇవాళ ఒట్టి బొటనవేలు బొమ్మ.

"వేలెవడిక్కావాలి? గొంతు పంపు," అన్నాడు బాబాయి. ఫోను చేస్తే మోగి మోగి ఆగింది.

"బొమ్మ పెట్టాడుగా బాబాయ్, బానే ఉంటాడు," అంది మడతలామె.

"పెట్టింది వాడేనని నువ్వు చూశావా?"

గంట కొట్టారు. చెక్కపెట్టె ముందుకొచ్చింది.

"ఒక మనిషి పలకట్లేదు. అయిదు నిమిషాలు ఆగు," అన్నాడు బాబాయి.

"మెషీను ఆగిందంటే ఇవాళే నీ ఆఖరు రోజు," అన్నాడు సూపర్‌వైజరు. "సాయంత్రం విమానం ఎక్కిస్తా."

బాబాయి ఎర్ర మీట నొక్కాడు. రోలరు మూలిగి ఆగిపోయింది, దుప్పటి సగం లోపల, సగం బయట.

"ఎక్కించు. కిటికీ పక్క సీటు చూడు," అని ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "రంగులాయన గదికి దగ్గర్లో ఎవరున్నారు? తలుపు తియ్యకపోతే పగలగొట్టండి. అడిగితే నా పేరు చెప్పండి."

ముందు వంటక్క పలికింది. "రెండు వీధుల అవతలే ఉన్నా. పొయ్యి కట్టేసి పరిగెడుతున్నా." వెనకే డ్రైవరు, "వ్యాను తెస్తున్నా" అన్నాడు. ఆ తర్వాత రంగులాయన గదివాడు నసిగాడు. "బాబాయ్, ఆ వేలు నేనే పెట్టా. జ్వరంతో పడుకున్నాడు కదా, లేపడమెందుకులే అని..."

"నీ జాలి తగలెయ్య!" అన్నాడు బాబాయి.

ఇరవై నిమిషాలు మెషీను జోలికి ఎవరూ వెళ్లలేదు. మడతల బల్లల దగ్గర చేతులు కూడా ఆగిపోయాయి. సూపర్‌వైజరు అద్దాల గదిలో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. అప్పుడు వంటక్క గొంతు రొప్పుతూ వచ్చింది. "తలుపు విరగ్గొట్టాం. స్పృహ లేదు, ఊపిరుంది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం."

బాబాయి మీట ఎత్తి, ఇరుక్కున్న దుప్పటి జాగ్రత్తగా లాగి, కాలిన మచ్చ చూసి నాలుక చప్పరించాడు.

మధ్యాహ్నానికి కాగితాలు వచ్చాయి. సంతకం పెట్టమన్నారు.

"చదివి వినిపించు, పెడతా."

సూపర్‌వైజరు చదివాడు. పదకొండేళ్లలో ఆ మనిషి బాబాయికి చేసిన సేవ అదొక్కటే.

మూడింటికి రంగులాయన పలికాడు. రాగం లేదు. "ఉన్నా" అన్న ఒక్క మాట, అదీ ముక్కలుగా. బాబాయి రెండుసార్లు విని, గేటు దగ్గర ఫోను మడతలామె చేతిలో పెట్టాడు.

"ఈ నంబరు ఇక్కడ అందరికీ నోటికొచ్చు. నీ దగ్గరే ఉండనీ. ఆరింటికి పిలవాలి. నిమిషం ఆలస్యమైతే ఊరుకోను."

"ఊరుకోక ఏం చేస్తావు, ఎగిరొస్తావా?" అందామె.

"నా హాజరు కొట్టెయ్యకు. అక్కణ్నుంచీ పలుకుతా."

కంపెనీ బండి ఆయన్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పెట్టె ముందు ఆమె ఆగలేదు. వెనక నలభై మంది, ఒక్కరూ ఆగలేదు. సూపర్‌వైజరు ఖాళీ పెట్టె కుర్చీ కిందకి తోశాడు. ఎకరం డెబ్బై రెండు సెంట్ల మెట్ట అమ్ముకుని వచ్చిన మనిషి పదకొండేళ్లకు వదిలివెళ్లిన ఆస్తి, మూల పగిలి రబ్బరుబ్యాండు చుట్టిన ఆ ఫోను, అందరికీ కనపడేలా మడతల బల్ల మీద ఉంది, ఒక్కొక్క గొంతే పలుకుతూ.