సూదమ్మ గుర్తులు

ఆమె అసలు పేరు ల్యాబు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇళ్లకు వెళ్లి పరీక్షలకు రక్తం తీసుకొచ్చే ఉద్యోగం ఆమెది. ఒక పొద్దున ఎవరో పెద్దావిడ తలుపు తీస్తూనే, "వచ్చావా సూదమ్మా!" అని నోరారా పిలిచింది. ఆ పిలుపు వీధివీధికీ పాకి, చివరికి ల్యాబు మేనేజరు నోటికి కూడా అదే అలవాటైపోయింది.

పదకొండేళ్లుగా తెల్లవారీ తెల్లవారకముందే చిన్న వ్యాను తీసేది. పరగడుపున రక్తం ఇవ్వాల్సిన వాళ్లు కాఫీ కోసం నాలుక పీకుతుంటే గడియారం వంక చూస్తూ కూర్చుంటారు. పది నిమిషాలు ఆలస్యమైతే ల్యాబుకి ఫోన్ల మీద ఫోన్లు. ఇల్లు దొరకడమే ఆ పనిలో సగం కష్టం. ఇంటి నంబరు ఒక వీధిలో ఉంటే గుమ్మం ఇంకో వీధిలో ఉంటుంది. లిఫ్టు ఉందంటారు, అది ఏనాడో ఆగిపోయి ఉంటుంది. అందుకని ఆమె ఒక నోటుపుస్తకం పెట్టుకుని, అందులో తన గుర్తులు రాసుకునేది. 'మెట్ల తాతగారు: మూడో అంతస్తు, వెనకవైపు మెట్లు, కుడిచేతి నరమే దొరుకుతుంది.' 'ఊతకర్రల పిన్నిగారు: చెవి సరిగా వినపడదు, కిటికీ తట్టాలి, కుక్క పేరు బంతి, పేరు పెట్టి పిలిస్తే ఊరుకుంటుంది.' 'లెక్కల మాస్టారు: సూది చూస్తే కళ్లు తిరుగుతాయి, కబుర్లలో పెట్టాలి, మధ్యాహ్నం ఒంటరిగా ఉంటారు.'

ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంది. ఆమె బదులు వెళ్లిన మనిషి ఇళ్లు దొరక్క తిరిగి తిరిగి, ఐస్ పెట్టెలో ఐసంతా కరిగాక ల్యాబుకి చేరాడు. ఆ రక్తాలన్నీ పారబోశారు. పాపం, ఆ ముసలివాళ్లందరూ మళ్లీ చెయ్యి చాపాల్సి వచ్చింది.

ఆ మాట విని ఆమె తమ్ముడే ముందుకొచ్చాడు.

"నోటుపుస్తకం ఏంటక్కా ఇంకా! నీ వ్యానులో జీపీఎస్ ఉందిగా. నీ గుర్తులన్నీ అందులోకి ఎక్కించేద్దాం. ఎవరు నడిపినా అదే తీసుకుపోతుంది."

తమ్ముడు ఆమెకన్నా తొమ్మిదేళ్లు చిన్న. చిన్నప్పుడు వాణ్ని చంక దించకుండా మోసింది. పెద్దయ్యాక ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవకపోయినా, కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం వాడి చేతులు ఆడినట్టు ఎవరి చేతులూ ఆడవని ఆమెకు గర్వం.

వాడు చెప్పినట్టే, నెల్లాళ్లపాటు ప్రతి గుమ్మం ముందూ వ్యాను ఆపి, జీపీఎస్ చూపించే రెండు పొడుగాటి అంకెలను పుస్తకంలో ఎక్కించుకుంది. ఆ తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె చదువుతుంటే వాడు కంప్యూటర్లో కొట్టాడు. ఒక్కో ఇంటికి ఒక్కో వరుస. ముందు రెండు అంకెలు, ఆ పక్కన పేరు, దాని పక్కన ఆమె గుర్తు. ఆ జీపీఎస్‌కి తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. 'త' ఎక్కడొచ్చినా పక్కన 'హెచ్' పెట్టాల్సిందేనని ఆమె పట్టు.

"తాతగారిలో ఇన్ని హెచ్‌లు ఎందుకక్కా? ఆయన పేరు తెర అంచు దాటి పోతోంది."

"మా తాతగారు, నా ఇష్టం. నువ్వు కొట్టు."

అంతా అయ్యాక కేబులు పెట్టి జీపీఎస్‌లోకి ఎక్కించి చూస్తే, నాలుగొందల ఇళ్లూ సముద్రం మధ్యలో తేలాయి. రెండు అంకెల్లో ముందు రావాల్సింది వెనక్కీ, వెనక రావాల్సింది ముందుకీ పడిందట. "మీ ల్యాబుకి వ్యాను కాదక్కా, పడవ కావాలి" అని వాడంటే, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. వరుసలు సరిచేసి మళ్లీ ఎక్కించాడు. 'ఎక్కడికి?' అన్న చోట నొక్కి, 'అదనం'లోకి వెళ్లి, 'నా స్థలాలు' తెరిస్తే ఇళ్లన్నీ దగ్గర నుంచి దూరానికి వరుసగా నిలబడ్డాయి. ఇంటికి రెండు వందల మీటర్ల దూరంలోకి రాగానే ఠంగుమని ఒక గంట మోగి, పేరూ గుర్తూ తెర మీదకొచ్చేలా కూడా వాడే పెట్టాడు.

"ఇంత మంచి బుర్ర పెట్టుకుని ఊరికే తిరుగుతావేంట్రా" అంటూ ఆమె వాడి నెత్తి మీద ఒక్కటిచ్చింది.

నాలుగు నెలల తర్వాత వాడికి ఉద్యోగం దొరికింది. ఒంటినొప్పులకు యంత్రాలు అమ్మే కంపెనీ. మోకాలికి కట్టుకునే పట్టీ, దానికో కరెంటు పెట్టె. వాడు కారు కొన్నాడు. మరదలు ఫోన్ చేసి, "మీ తమ్ముడు ఇప్పుడు దారిలో పడ్డారు వదినా" అని మురిసిపోయింది. ఆమె ఆ రోజంతా గాల్లో తేలినట్టు తిరిగింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఊతకర్రల పిన్నిగారి కిటికీ తట్టింది. పిన్నిగారు తలుపు తీసి, ఎప్పటిలా నవ్వకుండా, చీర కాస్త పైకెత్తి మోకాలు చూపించింది. చర్మం ఎర్రగా కమిలి ఉంది.

"నువ్వు పంపిన మిషనేనమ్మా. మంటెత్తిపోతోంది. నువ్వు చెప్పావు కదా అని ఓర్చుకుని కట్టుకుంటున్నా."

"నేనా? నేనేమీ పంపలేదండీ!"

"అదేంటి? నీ పేరు చెప్పే వచ్చాడు. వస్తూనే కిటికీ తట్టాడు. బంతీ అని పేరు పెట్టి పిలిచాడు, అది కిక్కురుమనలేదు. మన సూదమ్మ చెప్పకపోతే ఇవన్నీ ఎలా తెలుస్తాయి అనుకున్నాను. ఏవో కాగితాలిస్తే సంతకం కూడా పెట్టాను."

ఆ వారంలోనే ఇంకో మూడు ఇళ్లలో అదే కథ విన్నది. లెక్కల మాస్టారింట్లో ఆ పెట్టె విప్పకుండా మూల పడి ఉంది. "నువ్వు పంపావన్నాడని కొన్నాను. నాకు మోకాళ్ల నొప్పులే లేవు" అన్నారాయన, మొహం చూడకుండా.

ల్యాబులో ఎవరో చిరునామాలు బయటికిచ్చారని ఆమె తేల్చేసుకుంది. తన పుస్తకం చూసి రిజిస్టరు రాసే అమ్మాయిని నలుగురిలో నిలబెట్టి నిలదీసింది. "నా గుర్తులు నువ్వు తప్ప ఎవరు చూస్తారు? ఎవరికిచ్చావు?" అంది. ఆ పిల్ల, "అక్కా, నాకేం తెలీదు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. అది నటన అనుకుంది సూదమ్మ. కంపెనీ అనీ, మోకాలి పట్టీ అనీ విన్నప్పుడు తమ్ముడు గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ చీమను దులిపేసినట్టు ఆ ఆలోచనను దులిపేసుకుంది. అలాంటి కంపెనీలు వాడిదొక్కటేనా ఏంటి అనుకుంది.

ఒక మధ్యాహ్నం వ్యాను మెకానిక్కు దగ్గర ఉండిపోతే, తమ్ముడే కారేసుకొచ్చి ల్యాబు నుంచి ఎక్కించుకున్నాడు. కొత్త కారు వాసన ఇంకా పోలేదు. వాడు కూతురి చదువు గురించి ఏదో చెబుతున్నాడు. ఆమె ఊఁ కొడుతోంది. పాత సినిమాహాలు మలుపు తిరిగారు.

ఠంగుమంది.

కారులోని జీపీఎస్ తెర మీద ఒక చిన్న గడి తెరుచుకుంది. మెట్ల తాతగారు. ప్రతి 'త' పక్కనా ఒక 'హెచ్'. మూడో అంతస్తు, వెనకవైపు మెట్లు, కుడిచేతి నరమే దొరుకుతుంది.

వాడు చటుక్కున చెయ్యి చాపి తెర నొక్కబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"కారు ఆపు."

"అక్కా, అది నీ పాత ఫైలు, పొరపాటున..."

"ఆపమన్నానా!"

వాడు పక్కకు తీసి ఆపాడు. ఆమె జీపీఎస్‌ని దాని పిడి నుంచి ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. ఎక్కడికి? అదనం. నా స్థలాలు. వాడు నేర్పిన దారే. నాలుగొందల ఇళ్లూ వరుసగా కిందికి దిగాయి. ఒక్కోటి తెరిచి చూస్తూ పోయింది. అన్నీ తన మాటలే. కానీ ప్రతి గుర్తు కిందా తను రాయని మాటలు కొన్ని ఉన్నాయి.

ఊతకర్రల పిన్నిగారి దగ్గర: 'చదవకుండా సంతకం పెడుతుంది.'

మెట్ల తాతగారి దగ్గర: 'కొడుకు ఆదివారం తప్ప రాడు. వారం మధ్యలో వెళ్లాలి.'

లెక్కల మాస్టారి దగ్గర: 'ఒంటరి. కాసేపు కూర్చుని మాట్లాడితే ఏదైనా కొంటాడు. అక్క పేరు చెప్పాలి.'

చివరి మాట దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. 'అక్క' అని రాశాడు. అందరూ పిలిచే 'సూదమ్మ' అని కూడా కాదు.

"ఎన్నాళ్ల నుంచి?"

వాడు స్టీరింగు వంక చూస్తున్నాడు. "ఉద్యోగంలో చేరినప్పటి నుంచి. వాళ్లు అడిగింది ఒక్కటే అక్కా, నీకు పరిచయాలున్నాయా అని. ఉన్నాయన్నాను. లేవంటే నన్నెవరు తీసుకుంటారు?"

"ఆ పరిచయాలు నీవా?"

"ఫైలు కట్టింది నేనే కదా! కూర్చుని మొత్తం కొట్టింది నేనే కదా. నువ్వు చదివావంతే." గొంతు పెంచి, మళ్లీ తగ్గించాడు. "దొంగతనం చేశానా ఏంటి? మిషన్ ఇచ్చాం, తీసుకున్నారు. నొప్పులున్నవాళ్లే కదా."

"మాస్టారికి నొప్పుల్లేవురా."

వాడు తాళంచెవి అటూ ఇటూ తిప్పాడు.

"ఆయన మధ్యాహ్నం ఒంటరిగా ఉంటారని నేనెందుకు రాసుకున్నానో తెలుసా? రక్తం ఇచ్చాక కళ్లు తిరిగి పడితే చూసే దిక్కుండదని, ఇంటికెళ్లే ముందు ఒకసారి తొంగిచూసి పోదామని రాసుకున్నాను. నువ్వు అదే మాట చూసి ఆయన ఇంటికి వెళ్లావు."

"అక్కా, నాకూ పెళ్లాం పిల్లా ఉన్నారు."

"నేను ల్యాబులో ఆ అమ్మాయిని నలుగురిలో ఏడిపించాను. అనరాని మాటలన్నాను. నిన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. ఎందుకు అడగలేదో చెప్పు?"

ఆమె జీపీఎస్‌ని చేతిసంచిలో వేసుకుని దిగి, వెనక్కి చూడకుండా నడిచింది. "అక్కా, అది కంపెనీది!" అని వాడు వెనక నుంచి అరిచాడు. తన పని పోతుందన్న భయం తప్ప ఆ కేకలో ఇంకేమీ లేదని, నడుస్తూ నడుస్తూ ఆమెకు అర్థమైంది. అప్పుడొచ్చింది ఏడుపు. బస్టాపులో తెలియనివాళ్ల మధ్య నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు ముందుగా రిజిస్టరు అమ్మాయి దగ్గరికే వెళ్లి, ఆ రోజు చూసిన నలుగురి ముందే, "తప్పు నాది" అంది. ఆ పిల్ల తల దించుకుని, "పర్లేదండీ" అంది. అంతకు ముందు 'అక్కా' అని పిలిచేది.

మేనేజరుకి కూడా దాచకుండా చెప్పింది. ఆయన తలుపు మూయించి, "బయట ఎక్కడా అనకు. ల్యాబు పరువు పోతుంది" అన్నాడు.

"వాళ్లకు నేను చెప్పుకోవాలి సార్. నా పేరు మీదే తలుపులు తీశారు. తర్వాత నన్ను ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం."

తమ్ముడు యంత్రాలు అమ్మిన ఇళ్లన్నిటి పక్కనా జీపీఎస్‌లో ఒక చుక్క గుర్తు పెట్టుకున్నాడు. యాభై మూడు ఇళ్లు. పొద్దున పని అయ్యాక, మధ్యాహ్నాలు ఆ ఇళ్లకు నడిచింది. ప్రతి గుమ్మంలోనూ అదే మాట. "ఆ వచ్చినవాడు నా తమ్ముడు. మీ సంగతులు నా రాతల్లోంచే వాడికి తెలిశాయి. నేను పంపలేదు, కానీ రాసుకుంది నేనే." ఒంటిని కాల్చిన యంత్రాలను వెనక్కి తీసుకోమని కంపెనీ మీద ఫిర్యాదు రాయించి సంతకాలు పెట్టించింది. ఈసారి ప్రతి అక్షరమూ గట్టిగా చదివి వినిపించాకే పెట్టించింది. ఊతకర్రల పిన్నిగారికైతే రెండుసార్లు చదివింది.

"నువ్వెందుకు ఏడుస్తావే పిచ్చిదానా" అని పిన్నిగారు ఆమె గడ్డం పట్టుకుంది. మెట్ల తాతగారి కొడుకు మాత్రం సగం విని, "ఇక మీరు మా ఇంటికి రావద్దు. వేరేవాళ్లను పంపమనండి" అని తలుపేశాడు. తలుపు వెనక నుంచి తాతగారి దగ్గు వినిపించింది. ఆమె వెనకమెట్లన్నీ గోడ పట్టుకుని దిగింది.

కంపెనీ చాలావరకు యంత్రాలు వెనక్కి తీసుకుంది. తమ్ముణ్ని తీసేసింది. వాడు ఫోన్ చేసి ఒకే మాటన్నాడు. "పరాయివాళ్ల కోసం నా నోటి దగ్గర కూడు లాగేశావు." మరదలు మాట్లాడటం మానేసింది. మేనత్త వచ్చి, "ఎంతైనా నీ రక్తం కదే" అని నచ్చజెప్పబోయింది. సూదమ్మ ఆమెకు మంచినీళ్లిచ్చి పంపించింది. అత్త వెళ్లాక చాలాసేపు వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఆ ఆదివారం వాడితో కలిసి అంత నవ్విందే, ఆ నవ్వునైనా నమ్మొచ్చా లేదా అన్నది ఎంత ఆలోచించినా తేలలేదు.

ల్యాబు ఆమెను తీసెయ్యలేదు. రెండు నెలలు కౌంటరులో కూర్చోబెట్టి, మళ్లీ ఇళ్లకు పంపింది. మొదటి రోజు జాబితాలోనే లెక్కల మాస్టారు ఉన్నారు.

ఆయన తలుపు తీసి, రమ్మని కుర్చీ చూపించారు. ఆమె మనవల సంగతి అడిగింది. వాళ్లు బాగున్నారన్నారాయన. సూది గుచ్చింది, తీసింది, దూది పెట్టింది. ఈసారి ఆయన కళ్లు తిరగలేదు. ఆయన ఆమె చేతుల వంకే రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. ఆమె కలం తీసి ట్యూబు మీద అంటించే కాగితం మీద రాయడం మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నావమ్మా?" అన్నారు మాస్టారు.

పదకొండేళ్లలో ఆయన ఆ మాట ఎన్నడూ అడగలేదు.

"మీ పేరు, తారీఖు, టైము. అంతే మాస్టారూ."

"ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు."

ఆమె ఇచ్చింది. ఆయన కళ్లజోడు వెతికి పెట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో పట్టుకుని, ఆ వేలెడు కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివారు. వెనక్కి తిప్పి కూడా చూశారు. ఆమె గుమ్మం దగ్గర ఐస్ పెట్టె పట్టుకుని, ఆయన చదవడం అయ్యేదాకా నిలబడింది.