నేర్పినవాడి నోరు

పక్కింటి సుభద్రమ్మ మా ఆవిడతో అందట, మీ ధనరాజ్ మాస్టార్ని రేపు పోటీలో పక్కన నిలబడొద్దని ఆ యమున సెప్పీసిందట గదమ్మా, గిరిబాబుంటే సాలందట, ఊరంతా అదే మాట అని, ఊరికి చెప్పింది ఈవిడే, గోడ మీంచి మెడ సాచి మరీ చెప్పుంటుంది, బరువెత్తడం నేర్పినవాడికి మాత్రం అందరికన్నా చివర తెలియాలి, అరసవల్లిలో ఆదివారం జనం, ఆటోల మధ్య నా బండి ఇరుక్కుంది, తియ్యవయ్యా అంటే ఆటోవాడు, ఏటి మాస్టారూ, సూరీడే మెల్లగెల్తన్నాడు, మీకేటి తొందర అని పళ్లికిలిస్తాడు, ఇకిలించు, అందరూ ఇకిలించండి, గిరిబాబట, మోకాలు పోయి ఆట మానేసినవాడు, వాడేం కోర్సు చేశాడు, బరువెత్తడాన్ని విడదీసి చెప్పిందెవరు, పాదం, నడుం, మోచెయ్యి, చూపు, ఈ వరుస తప్పితే బార్ నెత్తిమీదే పడుతుంది, శ్రీకూర్మం అవతల పేట నుంచి వచ్చిన రోజున ఆ పిల్లకి వల లాగే బలం తప్ప ఏముంది, నెలల తరబడి ఉత్త కర్రే ఎత్తించాను, వాళ్లమ్మ దుర్గ చేపల గంప దించి, కర్ర మొయ్యడానికి మీదాకా రావాలేటి సారూ, మా ఇంట్లో కావిడి నేదేటి అని దెప్పింది, అయినా వరుస కుదిరేదాకా ఇనుము ముట్టనివ్వలేదు, ఇప్పుడు నేనొద్దు, మొన్న విజయనగరం పోటీలో ఎత్తిన ప్రతిసారీ పడేసింది, వెనకనుంచి చెబుతూనే ఉన్నాను, నడుం, నడుం, మోచెయ్యే అని గొంతు చిరిగేలా అరిచాను, వినలేదు, లేక విన్నదా, వినే పడేసిందా, ఛీ, ఇదేం ఆలోచన.

మేం సాధన చేసే రేకుల షెడ్డు తలుపు తీసే ఉంది, గిరిబాబు బల్ల మీద కూర్చుని తేగ నములుతున్నాడు, కోచింగంటే ఇదా, యమున చేతులకి సుద్దపొడి పూసుకుంటోంది, బార్‌కి తగిలించింది విజయనగరంలో పడేసిన బరువే, వంగింది, నా నోరు దానంతటదే తెరుచుకుంది, పాదం అనబోయాను, అప్పటికే పాదం కుదిరింది, నడుం అనబోయాను, నడుం లేచింది, మోచెయ్యి నా మాటకన్నా ముందే తిరిగింది, చూపు ఎదురుగోడకి అతుక్కుంది, బార్ తలపైన నిలిచిపోయింది, ఒక్కటీ వెనకాముందూ కాలేదు, నా వరుసే, ఆ ఒంట్లో కాపురం పెట్టేసిన నా వరుసే, అక్కడ లేనిది నా అరుపొక్కటే.

ధడాలున దించింది, నన్ను చూసింది, చూసి తల దించుకోనన్నా లేదు, ఒళ్లు మండింది, అది నా వరుసేనని తెలిసిన కొద్దీ ఇంకా మండింది, నన్నొద్దన్నావట, ఎవరు నేర్పారే నీకిది, వీడా, అన్నాను, గిరిబాబు దవడ ఆగిపోయింది, యమున చేతులు దులుపుకుంది, నువ్వే నేర్పినావు సారూ, నాకొచ్చీసిందని నీకొక్కడికే నమ్మకం నేదు.