దేముడమ్మ కొన్న కత్తి

పురికొస తెగలేదు. దేముడమ్మ మొక్కజొన్న చొప్ప మోపుని మోకాలితో అదిమిపట్టి, కొసని దవడ పళ్ళ మధ్య పెట్టి ఇటూ అటూ నమిలింది. ముందు పన్ను పోయినవారం విరిగింది కాబట్టి ఇప్పుడీ పని దవడది. ప్లాస్టిక్ పీచు నాలుక్కి అంటుకుంటే ఉమ్మేసి, మోపు నెత్తికెత్తుకుని ఇంటి దారి పట్టింది.

కొడవలి లేక కాదు. అది పైరు కోస్తుందిగానీ బిగిసిన ముడిలో దూరదు, రొంటిన దోపుకోవడానికీ పనికిరాదు. పొలంలో పొద్దస్తమానం అక్కరపడేది మడతకత్తి. బస్తా నోరు విప్పాలన్నా, వంగచెట్టుకి పుచ్చుకొమ్మ తియ్యాలన్నా, కాలిలో ముల్లు పెకలించాలన్నా అదే కావాలి. ఆ ఇంట్లో మడతకత్తి లేకపోలేదు. ఉండి ఏం లాభం, అది గంగులు నడుముకి, మొలతాడుకి వేలాడుతూ ఉంది.

గంగులు ఆమె మొగుడు. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పట్టుకుపోయింది. అప్పట్నుంచీ మంచమే. ఒళ్ళు తుడిస్తే తుడిపించుకుంటాడు, అన్నం పెడితే తింటాడు, ఎత్తి కూర్చోబెడితే కూర్చుంటాడు. నడుం దగ్గరికి ఆమె చెయ్యి పోయిందో, ఎడంచేత్తో కత్తిని కప్పేస్తాడు. ఆ ఊళ్ళో కత్తి ఇంటి మగవాడిది. ఇంట్లోకి రెండో కత్తి వచ్చిందంటే కొడుకు చేతికందొచ్చాడనైనా అనుకోవాలి, మగవాడు పోయాడనైనా అనుకోవాలి. వాళ్ళకి కొడుకుల్లేరు.

పోయినవారం పెయ్య గుంజ చుట్టూ తిరిగి తిరిగి మెడకి తాడు బిగించుకుంది. కళ్ళు తేలేసింది. కొడవలి ఆ బిగువులో దూరదు, వంటింట్లో కత్తిపీట తప్ప ఏమీ లేదు. దేముడమ్మ మంచం దగ్గరికి పరిగెత్తి మొగుడి నడుం మీద చెయ్యేసింది.

"ఇలాగియ్యి, పెయ్య సచ్చిపోతంది."

గంగులు కత్తిని గుప్పిట్లో ఇరికించుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నాను సచ్చిపోనేదు," అన్నాడు ముద్దముద్దగా.

ఆమె మళ్ళీ పరిగెత్తి తాడు కొరికింది. పెయ్య బతికింది, పన్ను పోయింది. ఆ పూట ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మనిషి మంచానికి, తను మనిషికి, పెయ్య గుంజకి. ఈ ఇంట్లో కట్టెయ్యనిది ఏదైనా ఉందా అనిపించింది. సంతరోజు ఏమైనా సరే, ఎవరేమనుకున్నా సరే, తనకంటూ ఒక కత్తి కొనుక్కోవాలని ఆ పూటే తేల్చుకుంది.

ఇవాళ సంత. మోపు దించి, పెయ్యకి నాలుగు చొప్పదంట్లు వేసి, గంగులుకి చోడి అంబలి చెంచాతో పట్టింది. మూతి తుడుస్తూ, "రాజాం ఎల్తన్నాను, మందులైపోనాయి," అంది. మందులు ఇంకా ఉన్నాయి. గంగులు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

"బేగి రా," అన్నాడు.

పక్కింటి అసిరమ్మకి ఒకసారి తొంగి చూడమని చెప్పి ఆటో ఎక్కింది. అసిరమ్మ గంగులు చెల్లెలు. అదే ఊళ్ళో చినబాబుకిచ్చి చేశారు. అన్నని చూసుకోవడం కన్నా వదినని కనిపెట్టి ఉండడం ఆవిడకి పెద్ద పని, దానికి జీతం లేకపోయినా నాగా మాత్రం పెట్టదు.

ఆటోలో గాలి తగిలినంతసేపే దేముడమ్మకి సెలవు. దిగగానే, మనిషి ఒంటరిగా ఉన్నాడన్న బెంగ పట్టుకుంది. తిట్టుకుంటూనే గబగబా నడిచింది.

ఇనపసామాన్ల కొట్టులో బేరం ధనలక్ష్మి చూసుకుంటుంది. ఆవిడ మొగుడు సరుకు కోసం ఊళ్ళు తిరుగుతాడు.

"ఏటి కావాలమ్మా?"

"మడతకత్తి."

"మీ ఆయనకా?"

దేముడమ్మ నాలుక పన్ను లేని సందులోకి పోయి ఒక్క క్షణం ఆగింది.

"ఆయనకే."

ధనలక్ష్మి మూడు కత్తులు తీసి అద్దం బల్ల మీద పెట్టింది. చేతికిస్తే తగువులొస్తాయని కత్తిని ఎవరూ చేతికివ్వరు. పెట్టాలి, అవతలివాళ్ళు తీసుకోవాలి.

మొదటిది తళతళలాడుతోంది. దానికి కత్తెర, ఆకురాయి, సీసామూత తీసేది, ఇంకా ఏవేవో ఉన్నాయి. అసలు కత్తి మాత్రం రేకులా ఉంది. దేముడమ్మ దాన్ని పక్కకి జరిపింది.

రెండోది అందమైనది. కర్రపిడి, చివర ఇత్తడి తొడుగు, పిడిలోకి మడుచుకునే అరచెయ్యి అంత అలుగు. "మగోలు ఇదే అట్టుకెల్తారు," అంది ధనలక్ష్మి. దేముడమ్మ తెరవబోయింది. గాడిలోకి గోరు దూర్చి లాగాలి. ఆమె గోళ్ళు మాంసం దాకా అరిగిపోయి ఉన్నాయి, పట్టు దొరకలేదు. ఎలాగో తెరిచి వేలితో వెనక్కి నొక్కితే టప్పున మూసుకుంది. ఒక చేత్తో తాడు బిగబట్టినప్పుడు రెండో చెయ్యి ఒక్కటే మిగులుతుంది కదా, ఇది ఎలా తెరుస్తారు? తెరిచాక వేళ్ళ మీద మూసుకుంటే?

మూడోది చిన్నది, ఆకుపచ్చ పిడి. అలుగు మీద బొటనవేలికి ఒక బొడిపె. తోస్తే తెరుచుకుంది, తెరుచుకున్నాక కదల్లేదు. దేముడమ్మ కొంగుముడి విప్పి పెయ్యతాడు ముక్క తీసింది. తన పన్ను తీసుకుపోయిన తాడది. కత్తి ఆనించి లాగిందో లేదో, రెండయింది.

"ఇది."

"మగోడి సేతికి సిన్నదైపోతాదమ్మా. రేపు అట్టుకొచ్చి మార్సమంటే మార్సను."

"ఆయన సెయ్యి సిన్నదే," అంది దేముడమ్మ.

గాజులు తప్ప తన చేతి కొలతకని ఎంచి కొన్న వస్తువు ఆమెకి ఇంతవరకూ లేదు. కొట్టు దాటాక రొంటిన దోపుకుంది. రెండుసార్లు తడిమి చూసుకుంది, సంతోషం దాచుకోలేక ఎవరూ చూడకుండా నవ్వుకుంది కూడా. దీన్ని ఎక్కడ దాచాలి, చొప్పలోనా, పెయ్య సాలలోనా అని ఆలోచిస్తూ ఆటో దిగింది.

వాకిట్లో జనం ఉన్నారు.

"నువ్వెల్లిన గడియకే," అంది అసిరమ్మ ఏడుస్తూ. "నీల్లు తాగిద్దామని వస్తే అన్నియ్య పలకనేదు."

దేముడమ్మకి ముందు భుజాలు తేలికయ్యాయి. ఆ తేలికకి ఆమె హడలిపోయింది. గంగులు మొహం చూసింది. తనని ఆటోకి పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కాళ్ళ దగ్గర కూలబడింది.

మధ్యాహ్నానికి మంచాన్ని వాకిట్లోకి తెచ్చి నీళ్ళు పోశారు. చినబాబు ఒంటిమీది గుడ్డ తీశాడు. పోయినవాడిని మొలతాడుతో పంపరు. ముడి విప్పబోయాడు, చెమటకి రాయిలా బిగిసిపోయి ఉంది. "బావ కత్తి ఉన్నాది కదా," అని దానికే వేలాడుతున్న కత్తిని పట్టుకుని గాడిలోకి గోరు పెట్టి లాగాడు. రాలేదు. రాతికేసి కొట్టి మళ్ళీ లాగాడు. లోపల్నుంచి ఎర్రటి పొడి రాలింది.

"తుప్పట్టీసినాది. అలుగు పిడికి అతుక్కుపోనాది. ఇప్పటిది కాదు," అన్నాడు. "ఎవులైనా ఇంటికెల్లి కత్తి అట్టుకురండి."

ఎవరో కదలబోయారు. దేముడమ్మ ఊరుకుంటే సరిపోను, ఆమె రొంటిన ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. కానీ తడి ఒంటితో ఎండలో, అందరి ముందూ అలా పడి ఉన్న మనిషిని చూడలేకపోయింది. రొంటి నుంచి కత్తి తీసి చినబాబు ముందు నేలమీద పెట్టింది. పిడికి కొట్టు చీటీ ఇంకా అంటుకునే ఉంది.

అసిరమ్మ ఏడుపు ఆగిపోయింది.

"అన్నియ్య ఉండగానే కొనీసినావేటి వొదినా?"

"కొనీసినాను."

చినబాబు ఆ కత్తిని ముట్టుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ వంగలేదు. దేముడమ్మే వంగి తీసుకుంది. బొటనవేలితో తోసి తెరిచింది. ఆడది కొయ్యొచ్చా అని ఎవరైనా అనేలోపు మొగుడి నడుం కింద ఎడమచెయ్యి దూర్చి, తాడు ఎత్తిపట్టి కోసేసింది. తాడు కింద చర్మం తెల్లగా, లోతుగా గాడి పడి ఉంది.

అప్పుడొచ్చింది ఏడుపు. పెయ్య మెడకి ఉరి పడిన రోజున గంగులు కత్తి దాచుకున్నది ఇవ్వడం ఇష్టంలేక కాదు. అది తెరుచుకోదని అతనికి తెలుసు. నాలుగేళ్ళుగా అతని ఎడంచెయ్యి కప్పుతున్నది కత్తిని కాదు, ఆ తుప్పుని. ఒక్కమాట చెప్పి ఉంటే ఇద్దరూ కలిసి నవ్వుకునేవాళ్ళేమో, తిట్టుకునేవాళ్ళేమో. ఆమె బిగ్గరగా, మాటలు కూర్చకుండా ఏడిచింది. ఆ ఏడుపుని ఎలా లెక్కెయ్యాలో అసిరమ్మకి తెలియలేదు.

తుప్పుకత్తిని చినబాబు గంగులు ఎడంచేతి కింద పెట్టాడు. మోసుకుపోయారు. ఆడవాళ్ళు దేముడమ్మని గదిలో మూల కూర్చోబెట్టి, పదిరోజులదాకా గడప దాటకూడదని చెప్పి తలుపు దగ్గరికి వేశారు. సాలలో పెయ్య అరిచింది. ఆమె లేవబోయి కూర్చుండిపోయింది.

వాకిట్లో నీళ్ళు ఇంకిపోయిన చోట మొలతాడు పడి ఉంది, రెండు కొసలూ విడిపోయినా నడుం చుట్టంత గుండ్రంగానే.