పేడ గిట్టని పూవు

ఇలా పొయ్యి దగ్గరికి జరుగు, రుక్సాంద్రా. ఆ ఉన్ని అల్లిక కాసేపు పక్కన పెట్టు. వాకిట్లో రాళ్ళ మధ్య పూసే ఆ పసుపుపచ్చ ఆర్నికా మొక్కల్ని ఎవరు పెంచారని అడిగావు కదా. నేనే. ముందు వాటిని చంపిందీ నేనే.

నేను ఈ కొండకి కోడలిగా వచ్చిన రెండో చలికాలంలో మా అత్త పరస్కీవ నూతి దగ్గర మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని, కర్ర పట్టుకుని వాకిలి దాకా రావడమే గగనమైపోయింది. ఆర్నికా పూసే పచ్చికబయలేమో గంటసేపు ఎక్కితే గాని రాదు. ఊహ తెలిసిన నాటి నుంచీ ప్రతి జూన్‌లోనూ ఆమె అక్కడికి వెళ్ళేది. పూలు కోసుకొచ్చి ప్లమ్ పళ్ళ సారాలో నానబెట్టేది. ఈ చుట్టుపట్ల ఎవరి కాలు బెణికినా, ఎవరి వీపు కమిలినా ఆ సీసా కోసం మా గడపే తొక్కేవారు.

ఆ జూన్‌లో ఒక పొద్దున కిటికీ దగ్గర కూర్చుని కొండకేసి చూస్తూ అంది: “పైన పూసేసే ఉంటాయి. ఇక నా కళ్ళకి ఆ పూలు రాసిపెట్టి లేవులే.”

మీ తాత నికోదిమ్ ఏటా లాగే చెక్క తొట్లు బండికెత్తుకుని, మొక్కజొన్నలకి మార్చుకురావడానికి మైదానం ఊళ్ళకి పోయాడు. ఇంట్లో మేమిద్దరమే. ఉప్పు చాలిందా, ఆవు నీళ్ళు తాగిందా, అంతకు మించి మాకు మాటల్లేవు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆవిడ పూల దగ్గరికి పోలేకపోతే పూలనే ఆవిడ దగ్గరికి తెద్దామనుకున్నాను.

మా పుట్టిల్లు కింద లోయలో. అక్కడ క్యాబేజీకైనా రెండు గంపల పేడ వేయకుండా నాటరు. పైకెక్కి పదిహేను మొక్కలు వేళ్ళతో సహా పెకలించుకొచ్చాను. కొట్టం పక్కన, అత్త కిటికీకి ఎదురుగా మడి తవ్వి తొమ్మిది గంపల మాగిన పేడ వేశాను. దాని మీద పొయ్యిలోని బూడిద చల్లాను. రెండు పూటలా నూతి నీళ్ళు పోశాను. అత్త కిటికీలోంచి చూస్తూనే ఉంది, పెదవి విప్పలేదు.

పది రోజులకే ఆకులు నల్లబడి కుళ్ళిపోయాయి. మడి ముందు నిలబడి ఏడుస్తుంటే వెనక కిటికీలోంచి అత్త నవ్వు వినిపించింది.

“ఏమే సవేతా, పెళ్ళి భోజనం పెట్టి చంపేశావు కదే వాటిని!”

“మీకు ముందే తెలుసా అత్తా?”

“తెలీకేం? అది బీద నేల బిడ్డ. పేడ వేస్తే చస్తుంది, బూడిద వేస్తే చస్తుంది. మన నూతిలోవి సున్నపు నీళ్ళు, అవి పోసినా చస్తుంది. నువ్వు మూడూ ఒక్కసారే వడ్డించావు!”

“మరి చెప్పొచ్చుగా! తొమ్మిది గంపలు మోశాను!”

“నాకోసం ఎవరే ఇన్నాళ్ళూ గంప మోసింది? ఇంకో రెండు మోస్తావేమోనని చూస్తూ కూర్చున్నా.”

కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆ రోజు మొదటిసారి ఇద్దరం ఒకే గిన్నెలో మామలీగ, అదే మొక్కజొన్న సంకటి, తిన్నాం.

ఆ తర్వాత ఆవిడ కిటికీలోంచి చెప్పడం, నేను చెయ్యడం. పేడమట్టి అంతా ఎత్తి పారబోసి, పై పచ్చికబయల్లోని సున్నం లేని నల్లమట్టి రాళ్ళతో సహా మోసుకొచ్చాను. పూలు వాడి నూగు విచ్చుకున్నాక, గాలి ఎత్తుకుపోకముందే గింజలు ఏరుకొచ్చాను. మంచు పడబోయే ముందు మట్టి మీద చల్లి అరచేత్తో అదిమాను. పైన మట్టి కప్పబోతే కర్రతో కిటికీ మీద కొట్టింది. “కప్పకు! దానికి వెలుతురు కావాలి!”

“పూయడానికి ఎన్నాళ్ళు పడుతుంది అత్తా?”

“మూడో ఏటికి.”

అప్పటికే ఆవిడకి దగ్గు పట్టుకుంది.

“ఉంటాలేవే,” అంది నా మొహం చూసి. “నువ్వు నాక్కూడా పేడ పెట్టకపోతే.”

మొదటి వసంతంలో ఎలుక చెవులంత ఆకులు వచ్చాయి. రెండో ఏడు నేలకి అంటుకుని అలాగే పడి ఉన్నాయి. వాటి ఆకలి చూడలేక నా చెయ్యి పేడ వైపు పోయినప్పుడల్లా కిటికీ మీద కర్ర మోగేది. మూడో చలికాలం అత్త మంచం దిగలేదు. చెంచాతో పాలు పట్టేదాన్ని. మంచు కరిగాక మెల్లగా లేచింది.

జూన్‌లో ఒక పొద్దున మడిలో ఒకే ఒక్క పూవు విచ్చుకుంది. తల దువ్వుకోని పిల్లలా రేకులు తలో దిక్కున. పరుగెత్తుకెళ్ళి అత్తని పట్టుకుని లేపి, మడి దాకా నడిపించి, ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టాను. ముఖం పూవులో పెట్టి గట్టిగా వాసన పీల్చింది. ఏడు తుమ్ములు తుమ్మింది. కళ్ళలో నీళ్ళు తుమ్ములవో, మరి దేనివో, నేను అడగలేదు.

“పైనున్న వాటికన్నా ఇది పొట్టిదే,” అంది చివరికి.

“అయితే కాస్త పేడ వెయ్యనా అత్తా?”

“చెయ్యి విరగ్గొడతా!”

ఆ తర్వాత ఇంకో నాలుగు జూన్‌లు ఆ పీట మీదే కూర్చుంది.

ఇదంతా గుర్తుపెట్టుకో రుక్సాంద్రా. రేపు నీ కోడలొచ్చి ఆ మడి దగ్గరికి పేడ గంప ఎత్తుకొస్తే ఈ కథ చెప్పు. కొంపలంటుకున్నట్టు వెంటనే చెప్పేయకు. ముందు రెండు గంపలు మోయనివ్వు.